వెండి రంగు కింద బాణం

ఊళ్ళో ఏ ఫ్యాక్టరీ పైకప్పు చూసినా దాని మీద మేస్త్రీ బిగించిన ఫ్యానే ఉంటుంది. లోపలి వేడినీ ఆవిరినీ లాగి బయటికి తోసేసే భారీ ఫ్యాన్లు. బిగించడం, గ్రీజు పెట్టడం, బేరింగులు మార్చడం, చివరికి రంగు వేయడం కూడా ఆయనే. పనికి వంక పెట్టడానికి లేదు. మనిషికే ఒక జబ్బుంది, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటాడు.

ఆయన భార్య ఒక పెద్ద లాండ్రీలో ఇస్త్రీ హాలుకు పెద్దదిక్కు. ఆస్పత్రుల దుప్పట్లన్నీ ఆమె రోలరు మిషను మీదుగా పోవలసిందే. హాల్లో అందరికీ ఆమె అక్క. అక్క మొగుడు కాబట్టి మేస్త్రీ అందరికీ బావగారు. ఆ హాలు మీది ఫ్యాను కూడా బావగారిదే. వేసవి మొదట్లో మోటారు కాలిపోతే కొత్తది బిగించాడు. పనిలో పనిగా ఫ్యాను గూడు మొత్తానికీ వెండి రంగు పూసి, దిగి వచ్చి మురిసిపోయాడు.

మర్నాడే అక్క అంది. "ఫ్యాను గాలి లాగట్లేదండీ."

"తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

"తిరిగితే లాగుతుంది. ఎండాకాలం కదా, పైగా నీకూ వయసొచ్చింది."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా. అదే మాట పరాయి ఫ్యాక్టరీ వాళ్ళంటే నిచ్చెన భుజాన వేసుకుని పరిగెత్తేవాడు.

వేసవి ముదిరింది. అక్క మిషను దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయింది. కొన్నాళ్ళకు మళ్ళీ పడిపోయింది. వేడి పడటం లేదన్నాడు డాక్టరు. "ఓపిక లేనప్పుడు ఇంటిపట్టున ఉండాలమ్మా" అని అత్తగారు మొదలుపెట్టింది. మేస్త్రీ తల్లికి వంత పాడాడు. అక్కకు ఆ హాలంటే ప్రాణం. అక్కడ ఆమె చెప్పిందే మాట, ఇంట్లో ఆ భాగ్యం లేదు. అయినా పోరు పడలేక ఒప్పుకుంది. ఇవాళ సాయంత్రం సూపర్‌వైజరుకు చెప్పేస్తానంది.

బయలుదేరే ముందు మాత్రం మొగుణ్ణి ఒకటి అడిగింది. "మానేస్తానన్నాను, మానేస్తాను. మీరొక్కసారి వచ్చి నా మిషను పక్కన కాసేపు నిలబడండి. అంతే."

ఇదేం చాదస్తం అని సణుక్కుంటూనే వెళ్ళాడు. చిత్రమేమిటంటే, ఇన్నేళ్ళలో ఆయన ఆ హాలు నెత్తినెక్కాడే గాని మిషన్లు నడుస్తుండగా లోపల నిలబడలేదు. కాసేపటికే చొక్కా వీపుకు అంటుకుంది. దుప్పట్ల మీంచి లేచిన ఆవిరి పైకి పోయి కప్పు కింద అలాగే వేలాడుతోంది. అది చూసి మేస్త్రీకి మొదటిసారి అనుమానం వచ్చింది. నిచ్చెన తెప్పించి ఎక్కి, గాలి లాగే జాలీకి ఒక న్యూస్‌పేపరు ఆనించాడు. ఫ్యాను సరిగ్గా లాగుతుంటే కాగితం జాలీకి అతుక్కోవాలి. అది తిన్నగా ఆయన నెత్తిమీద పడింది.

"బావగారికి గొడుగు పట్టింది" అని ఎవరో అంటే హాలంతా నవ్వింది. అక్క నవ్వలేదు.

మేస్త్రీ పైకప్పు ఎక్కి స్విచ్చు ఆపాడు. ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాడు. పైన మనిషి ఉన్నంతసేపూ ఫ్యూజులు ఆ మనిషి జేబులోనే ఉండాలన్నది ఆయన పెట్టుకున్న నియమం. తర్వాత మూత సందులోంచి నెమ్మదిస్తున్న చక్రాన్ని చూశాడు. ఎటు తిరగాలో చెప్పే బాణం గుర్తు గూటి మీద ఉండాలి. అది లేదు. చాకు తీసి గీకాడు. తాను ముచ్చటపడి పూసిన వెండి రంగు పొరలు పొరలుగా లేచి, కింద ఎర్ర బాణం బయటపడింది. బాణం ఒకవైపు చూపిస్తోంది, చక్రం రెండోవైపు తిరుగుతూ ఆగింది.

కొత్త మోటారు బిగించిన రోజున దాని మూడు తీగల్లో రెండింటిని తారుమారు చేసి కలిపాడన్నమాట. సరిచూసుకుందామంటే బాణాన్ని అప్పటికే రంగుతో కప్పేశాడు. ఇలాంటి ఫ్యాను తిరగేసి తిరిగినా మోత మోతే, కాస్తో కూస్తో గాలి పైకే పోతుంది. అందుకే దొంగ దొరకలేదు. అందరికీ శకునం చెప్పే బల్లి తానే కుడితి తొట్టిలో పడింది. మేస్త్రీ ఆ కాలే రేకు మీదే కూలబడ్డాడు. నేల మీద పడి ఉన్న భార్య మొహం గుర్తొచ్చింది. వయసొచ్చిందని తానన్న మాట గుర్తొచ్చింది.

తీగలు మార్చడం ఎంతసేపు. మార్చాడు, ఫ్యూజులు పెట్టాడు, స్విచ్చు వేశాడు. గ్రీజు ఎండిపోయిందంటే సరిపోతుంది, ఎవరు చూడొచ్చారు అనుకుంటూనే మెట్లు దిగాడు.

హాల్లో అప్పటికే ఆవిరి తాడు పట్టి లాగినట్టు పైకి పోతోంది. ఎవరో పేపరు ఆనిస్తే జాలీకి గట్టిగా అతుక్కుంది. "బావగారి చెయ్యి పడితే అంతే" అన్నారు ఆడవాళ్ళు. సూపర్‌వైజరు వచ్చి చెయ్యి కలిపాడు. అక్క కూడా మొగుడి వైపు చూసింది. ఆ చూపులో నిష్ఠూరం ఉన్నా బాగుండేది. చల్లగాలి తగిలినందుకు కృతజ్ఞత ఉంది. మేస్త్రీ తట్టుకోలేకపోయాడు.

"నా చెయ్యి పడ్డందుకే ఇన్నాళ్ళూ ఇలా ఏడ్చింది. తీగలు నేనే తప్పు కలిపాను, ఫ్యాను తిరగేసి తిరిగింది. మా ఆవిడ మర్నాడే చెప్పింది. నేనే వినలేదు" అన్నాడు, అందరికీ వినపడేలా.

అక్క చేతిలోని దుప్పటి అంచు అలాగే పట్టుకుని నిలబడింది.

"అయితే నాకేం కాలేదన్నమాట" అంది మెల్లగా.

"నీకేం కాలేదు."

"నా పని అయిపోయిందనే అనుకున్నానండీ. రోజూ పొద్దున్నే నా కాళ్ళూ చేతులూ తడుముకుని చూసుకునేదాన్ని, ఏం చెడిందా అని."

మేస్త్రీ దుప్పటి రెండో అంచు పట్టుకున్నాడు. అక్క కళ్ళు తుడుచుకుని, ఆ అంచు ఆయన చేతిలోంచి తీసుకుంది.

"మీరు ఇంటికి పదండి. ఇప్పుడన్నదంతా అత్తయ్యకు చెప్పి ఉంచండి. నాకు షిఫ్టు అయ్యేదాకా పనుంది" అని రోలరు వైపు తిరిగింది.