శుక్రవారం కంచం

పుష్పలత టీచరుకి తెలిసిన మందు ఒక్కటే, ఉపవాస ప్రార్థన. భర్త కృపారావు పోయి ఏడాదైంది. అప్పట్నుంచీ రేపల్లెలోని ఆ ఇంట్లో శుక్రవారం జరిగే ప్రార్థన కూటం మధ్యాహ్నం ముగిసేదాకా ఎవరి నోట్లోనూ మంచినీళ్ళు తప్ప ఏమీ పడేది కాదు.

బాపట్లలో చదువు మానేసి వచ్చి మంచాన పడ్డ తండ్రికి సేవలు చేసిన కూతురు జ్యోత్స్న, ఆయన పోయాక తిండి మీద పడింది. అదేం తిండి! తలుపేసుకుని, బిస్కెట్టో చద్దన్నమో ఏది దొరికితే అది, రుచైనా తెలియకుండా, పొట్ట నొప్పెట్టేదాకా. ఆ తర్వాత వెక్కి వెక్కి ఏడుపు.

తల్లి వంటగదికి తాళం వేసింది. అంతటితో ఊరుకుందా? కూటంలో అందరి ముందూ లేచి, "మా జ్యోత్స్నకి ఈ తిండి యావ పోవాలని ప్రార్థన చెయ్యండమ్మా" అంది. ప్రేమతోనే అంది, పాపం. పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది. కూటం ముగిసి కంచాలు వేసేసరికి పులిహోర గిన్నె సగం ఖాళీ. పెరట్లో గోడవార కూర్చుని జ్యోత్స్న రెండు చేతులా కుక్కుకుంటోంది.

పిల్లని తెనాలి తీసుకెళ్తే డాక్టరమ్మ మెత్తగానే చెప్పింది. "ఇది కక్కుర్తి కాదండి, జబ్బు. లోపల దిగులుంది, పైన సిగ్గుంది. మీరు కడుపు మాడ్చేకొద్దీ ఇంకా ఎక్కువవుతుంది. మూడు పూటలా పెట్టండి. వారం వారం తీసుకొస్తే మాట్లాడతాను."

తిరుగు బస్సులో జ్యోత్స్న, "తింటున్నంతసేపూ నాన్న గుర్తురాడమ్మా" అంది. "నా పేరు ఇంక కూటంలో చెప్పకు."

పుష్పలతకి అప్పుడు తెలిసొచ్చింది. ఇద్దరిదీ ఒకటే ఏడుపు. తను తినకుండా ఏడ్చింది, పిల్ల తింటూ ఏడ్చింది. అంతే తేడా.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. పొద్దున్నే అందరూ చేరారు. పెద్దావిడ వరమ్మ, "ఏంటమ్మా టీచరూ, పిల్లకి తగ్గిందా? ఇవాళ కూడా ప్రార్థన చేద్దామా?" అంది. గుమ్మంలో జ్యోత్స్న కొయ్యబారిపోయింది.

పుష్పలత లేచి, తాళం లేని వంటగదిలోంచి రెండు కంచాల్లో ఇడ్లీలు తెచ్చింది. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"మేమిద్దరం టిఫిన్ చేస్తాం వరమ్మక్కా. మీరు ప్రార్థన కానివ్వండి."

మొదటి ముద్ద పుష్పలత గొంతు దిగలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి.

జ్యోత్స్న మంచినీళ్ళ గ్లాసు తల్లి ముందుకు జరిపింది.

"నెమ్మదిగా తినమ్మా" అంది.