రాని రైలు కోసం ఆగే బస్సు

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే పొద్దుటి బస్సు లింగంపేట ఇంకా రాకముందే ఒకచోట రోజూ రైలు కోసం ఆగేది. ఆ రైలు రాక చాలా ఏళ్లయింది. అయినా రూలు రూలే. రోడ్డుకు అడ్డంగా పట్టాలున్నంత కాలం డ్రైవరు బస్సు ఆపాలి, కండక్టరు దిగి అటూ ఇటూ చూడాలి, విజిల్ ఊదాలి. కండక్టరు సిద్దిరాములు ఈ పని ఎంత శ్రద్ధగా చేసేవాడంటే, కొత్తగా ఎక్కినవాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి రైలు ఎటునుంచి వస్తోందా అని చూసేవాళ్లు. ఎటు చూసినా తంగేడు పొదలే.

ఒకప్పుడు పక్కనున్న గుట్టలో పలుగురాయి తవ్వేవారు. గాజు చేయడానికి పనికొచ్చే తెల్లరాయి. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి గని తెరిచారు, రాయిని కామారెడ్డి స్టేషనుకు చేర్చడానికి పట్టాలు వేశారు, రోడ్డు దగ్గర గేటు పెట్టారు. పనివాళ్లు పట్టాల వెంట రేకుల ఇండ్లు వేసుకున్నారు. మంచి రాయి అయిపోగానే యజమానులు యంత్రాలను లారీలకెక్కించి చెప్పాపెట్టకుండా వెళ్లిపోయారు. పట్టాలను, మనుషులను మాత్రం వదిలేశారు. పట్టాలకు తుప్పు పట్టింది, మనుషులకు దగ్గు పట్టింది.

సాబేరా భర్త బషీర్ ఆ గనిలో రాయి పొడి చేసే మర దగ్గర పనిచేసినవాడు. గని మూతపడ్డాక గేటుకున్న పొడుగాటి ఇనుప కడ్డీని మోసుకొచ్చి ఇంటికి దూలం చేశాడు. కంపెనీ నుంచి అతనికి దక్కిందల్లా ఆ కడ్డీ, ఊపిరితిత్తుల్లో ఆ పొడి. ఇప్పుడు మంచం మీద పడుకుని, దూలం మీది ఎరుపు తెలుపు చారలు చూస్తూ దగ్గుతుంటాడు. వారం వారం కామారెడ్డి దవాఖానాకు పోకపోతే ఆ మాత్రం ఊపిరి కూడా ఆడదు.

సాబేరా అదృష్టం కొద్దీ ఇల్లు పట్టాల పక్కనే ఉంది. సిద్దిరాములు అటూ ఇటూ చూసేలోపు భర్తను బస్సెక్కించేది. బషీర్ ఇంకా మెట్టు దగ్గరే ఆయాసపడుతుంటే సిద్దిరాములు రైలు కోసం రెండోసారి కూడా చూసేవాడు. అక్కడ స్టాపు లేదు, ఎవరూ అడగనూ లేదు. రోజూ ఆగే బస్సుకు స్టాపెందుకు?

ఎనభై ఏడు ఎండాకాలంలో పాత ఇనుము కొన్న గుత్తేదారు పట్టాలు పీకించాడు. పని రోడ్డు దాకా వచ్చినప్పుడు సాబేరా మేస్త్రీ భూమయ్య దగ్గరికి వెళ్లింది.

"అన్నా, రోడ్డు మీదియి ఇడిశిపెట్టరాదు?"

"వాటితోని నీకేం పని, చెల్లె?"

"అవి ఉంటెనే బస్సు ఆగుతది. బస్సు ఆగితెనే మా ఇంటాయన దవాఖానకు పోతడు."

భూమయ్య చెడ్డవాడు కాదు. కాసేపు తల గోక్కున్నాడు. "నా చేతుల ఏం లేదు చెల్లె. మొత్తం పీకుమన్నరు," అన్నాడు. పట్టాలు పీకి, గుంతల్లో కంకర పోసి, పైన తారు పోసి నున్నగా చేసి వెళ్లారు.

దవాఖానాకు పోవాల్సిన రోజు వచ్చింది. మొగుడూ పెళ్లాలు ఎప్పటిచోటే నిలబడ్డారు. బస్సు ఆగలేదు. సిద్దిరాములు తలుపు దగ్గర నిలబడి, వాళ్లను చూస్తూ చూస్తూ వెళ్లిపోయాడు. లింగంపేట దాకా నడుద్దామని బయలుదేరితే బషీర్ తుమ్మచెట్టు దగ్గరే కూలబడ్డాడు. పక్కింటి నాగవ్వ సాయంతో అతన్ని ఇంటికి చేర్చింది సాబేరా. ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పట్టాలు వేసినవాళ్ల మీద, పీకినవాళ్ల మీద, ఏళ్లుగా రాని ఆ రైలు మీద కూడా.

మర్నాడు లింగంపేటకు నడిచిపోయి సిద్దిరాములును నిలదీసింది.

"నేనేం చేయాలె చెల్లె," అన్నాడతను. "డ్రైవర్ నా మాట ఇంటలేడు. రోడ్డుకు అడ్డం ఏమన్న ఉంటె ఆపుతడట. ఇప్పుడు ఏం లేదాయె."

సాబేరా ఇంటికొచ్చి చాలాసేపు దూలం వంక చూసింది.

మళ్లీ దవాఖానా రోజు పొద్దున్నే ఆమె, నాగవ్వ కలిసి కడ్డీని ఊడదీశారు. రేకులు ఒక పక్కకు జారి, మంచం మీద ఎండ పడింది. పిచ్చి పట్టిందా, వానొస్తే ఏం చేస్తావని బషీర్ ఉర్దూలో కోప్పడ్డాడు. వాన వచ్చినప్పుడు చూద్దాం, బస్సు ఇప్పుడే వస్తుంది అంది సాబేరా.

గేటు గుంజ రోడ్డు పక్కన ఎప్పటిలాగే ఉంది. కడ్డీని దానికి తగిలించి, ఒక కొసకు తాడు, రెండో కొసకు బరువుగా పలుగురాయి కట్టారు. గుట్ట కింద ఆ రాయికి కరువు లేదు.

దూరంగా బస్సు కనబడగానే ఇద్దరూ తాడు లాగి పట్టుకున్నారు. గేటు పడింది. డ్రైవరు బ్రేకు వేసి తల బయట పెట్టాడు.

"ఏందమ్మా ఇది? రైలే లేదు, గేటెందుకు ఏశిన్రు?"

"ఇన్నేండ్లు రాని రైలు కోసం ఆపినవ్ గదన్నా," అంది సాబేరా. "వచ్చే మనిషి కోసం జరసేపు ఆపు."

డ్రైవరు ఏదో అనబోయాడు. అప్పటికే సిద్దిరాములు దిగిపోయాడు. అలవాటు ప్రకారం అటు చూశాడు, ఇటు చూశాడు. సాబేరా తాడు నాగవ్వకు అప్పగించి, రోడ్డు పక్కన కూర్చోబెట్టిన భర్త చేయి పట్టుకుంది. బషీర్ నాలుగడుగులు వేసి, ఊపిరి కోసం ఆగాడు. సిద్దిరాములు మళ్లీ అటు చూశాడు. ఇద్దరూ ఎక్కాకే విజిల్ ఊదాడు. నాగవ్వ తాడు వదిలింది, గేటు లేచింది.

ఆ ఏడు వానలు తొందరగానే వచ్చాయి. సాబేరా ఇల్లు సగం తడిసింది. మంచాన్ని పొడిగా ఉన్న పక్కకు జరుపుకున్నారు గాని, కడ్డీని మాత్రం రోడ్డు మీద నుంచి తేలేదు.