కజాల్ వారి కిటికీ

గురువారం సంత ముగిసి, చీజ్ అమ్మేవాళ్ళు బల్లలు సర్దుకుంటున్న వేళ సోలాంజ్ కజాల్ వచ్చి తాపీమేస్త్రీ ఫిర్మిన్ తలుపు తట్టింది.

"బాబాయ్, మా ఇంటికి పాత రాతి కిటికీ మళ్ళీ పెట్టిస్తున్నాను. పైన చెక్కిన ముఖాలు ఎలా ఉండేవో నువ్వే చెప్పాలి. ఒక్క ఫోటో కూడా దొరకలేదు."

ఫిర్మిన్‌కి ఇప్పుడు డెబ్బై ఆరేళ్ళు. ఆ కిటికీని పగలగొట్టింది అతనే.

అప్పుడతనికి ఇరవై రెండేళ్ళు. సోలాంజ్ తండ్రి ఆ కిటికీ తీసేసి తన బట్టల కొట్టుకి పెద్ద గాజు అద్దం పెట్టాలన్నాడు. నాలుగు వందల ఏళ్ళ నాటి ఆ కిటికీ మీద రెండు గుండ్రటి చట్రాల్లో, ఇల్లు కట్టించిన వర్తకుడూ అతని భార్యా వీధిలోకి చూస్తుండేవారు. ఫిర్మిన్ నిచ్చెన వేస్తుంటే ఆ ఇంటి ముసలావిడ, సోలాంజ్ నాన్నమ్మ యూఫ్రాజీ, చీపురుతో గుమ్మంలోకి వచ్చింది.

"ఒరేయ్, పైనున్న ఆ రాతావిడ జోలికి పోకురా. కాపురానికి వచ్చినప్పటి నుంచీ పొద్దున్నే వాకిలి ఊడుస్తూ పలకరిస్తున్నాను."

"రాయితో కబుర్లేమిటి మామ్మగారూ! పోనీ, ముక్కు ఊడదీసి మీ చేతికిస్తాను, దాచుకోండి."

ఇంటి ముందు సంతలో జనం విరగబడి నవ్వారు. యూఫ్రాజీ లోపలికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి కిటికీ నేలమట్టమైంది. ముక్కల్ని వంతెన దగ్గర గుంతలో పోశారు. తర్వాత దాని మీద రోడ్డు పడింది.

ఫిర్మిన్ పెన్సిల్ తీసుకున్నాడు. వర్తకుడి టోపీ, రెండు పాయల గడ్డం గీశాడు. రెండో గుండ్రం దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎంత గుర్తు చేసుకున్నా, గుమ్మంలో చీపురు పట్టుకు నిలబడ్డ యూఫ్రాజీ ముఖమే కనబడుతోంది.

"ఆవిడ్ని నేను చూడలేదమ్మా," అన్నాడు. "ఉలి ఎక్కడ పెట్టాలో అదొక్కటే చూశాను."

సోలాంజ్ ఆ సగం బొమ్మని చేతిలోకి తీసుకుంది. "ఆ తర్వాత నాన్నమ్మ వీధి గుమ్మం దాటలేదు బాబాయ్. చర్చికైనా దొడ్డిదారినే వెళ్ళేది."

ఆ సంగతి ఫిర్మిన్‌కి ఇన్నేళ్ళూ తెలియదు.

ద్రాక్షకోతలు అయ్యాక కిటికీ నిలబెట్టారు. వర్తకుడి ముఖం చెక్కారు. రెండో చట్రంలో నున్నటి రాయి వదిలేశారు. ఊరంతా చూడటానికొచ్చింది. ఫిర్మిన్ అందరికీ వెనక నిలబడ్డాడు.

"అదేమిటి, పెళ్ళాన్ని చెక్కడం మరిచిపోయారా?" అని కోళ్ళమ్మే ఆవిడ నవ్వింది.

సోలాంజ్ నోరు విప్పేలోపే ఫిర్మిన్ టోపీ తీసి ముందుకొచ్చాడు.

"ఆవిడ్ని పగలగొట్టింది నేను. వద్దన్న పెద్దావిడని ఎగతాళి కూడా చేశాను."

ఎవరూ నవ్వలేదు. ఆ మాట వినాల్సిన మనిషి పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది.