తాడు పట్టే మనిషి

"స్టీరింగ్ మీద మసిగుడ్డ ఆరేసింది ఎవరు?"

పడవలో ఉండేది మేమిద్దరమే. అయినా మా ఆయన ఎప్పుడూ ఇలాగే అడుగుతారు, ఫ్యాక్టరీలో వందమందిని వరసగా నిలబెట్టి అడిగినట్టు.

"పక్క పడవవాళ్ళ పిల్లి" అన్నాను కింద కేబిన్‌లోంచి, పళ్ళేలు తుడుస్తూ.

"వేళాకోళం వద్దు. ఇది దండెం కాదు."

"దండెం కట్టుకుంటానంటే పడవ పరువు పోతుందన్నారు. ఇనప తీగ మీద వేస్తే తుప్పు మరక. లోపల వేస్తే ముక్కిన వాసన. ఇంత ఎండా గాలీ తగిలేది అదొక్కటే చోటు."

"దాన్ని ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"నేను ముట్టుకోలేదు. గుడ్డ ముట్టుకుంది."

ఆయన ఆ గుడ్డని రెండు వేళ్ళతో ఎత్తి, మెట్లమీంచి కిందికి విసిరారు. అది సరిగ్గా తుడిచిపెట్టిన పళ్ళేలమీద పడింది. అన్నీ మళ్ళీ కడిగాను. ట్యాంకులో నీళ్ళు పొదుపుగా వాడమని రోజూ చెప్పేదీ ఆయనే.

ఇంత చిన్నదానికి కోపం రాకూడదు. కానీ నా కోపం మసిగుడ్డ దగ్గర మొదలవలేదు. ముందురోజు సాయంత్రం పక్క పడవలో ఉండే పళ్ళ డాక్టరు గట్టుమీద కనబడి, "వచ్చే నెల అవతలి తీరానికి వెళ్తున్నారట కదా, శుభం!" అన్నాడు. అవతలి తీరమంటే మూడు పగళ్ళూ మూడు రాత్రులూ ఎటు చూసినా నీళ్ళే. నాకు ఆ సంగతి తెలియదు. తెలిసినట్టే నవ్వి లోపలికి వచ్చాను. ఊరందరికీ తెలిశాక ఇంటావిడకి తెలియడం మా ఇంట్లో కొత్త కాదు, కానీ ఈసారి వెళ్ళేది ఫ్యాక్టరీ నుంచి ఇంకో ఫ్యాక్టరీకి కాదు. నడిసముద్రంలోకి.

మా ఆయన ఈ దేశంలో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో యంత్రాల విభాగం చూసేవారు. నేను ఇల్లు చూసేదాన్ని. పదవీ విరమణ అయ్యాక అద్దె ఇల్లు వదిలేసి, వాడిన తెరచాప పడవ ఒకటి కొని అందులోకి మారాం. అమ్మాయీ అల్లుడూ ఇదే ఊళ్ళో రేవుకి కాస్త ఎగువన ఉంటారు. ఎవరికి చెప్పినా, "అబ్బ, ఎంత అదృష్టమండీ!" అంటారు. రైలుపెట్టెలో సగం అంత చోటు. కాలితో తొక్కితే నీళ్ళు వచ్చే కుళాయి. పడవ ఊగినప్పుడల్లా తానూ ఊగే పొయ్యి. అబద్ధమెందుకు, నాకు అవన్నీ నచ్చాయి. ప్రతి వస్తువుకీ ఒక గూడూ, గూటికో గొళ్ళెమూ ఉన్న ఇల్లు నేను జన్మలో చూడలేదు. నచ్చనిది ఒక్కటే, పడవ కదిలాక మా ఆయన గొంతు.

ఆ రోజు ఆదివారం, మధ్యాహ్నం పిల్లలు భోజనానికి వస్తున్నారు. ఈలోగా కొత్తగా కుట్టించిన తెరచాప ఎలా ఉందో చూద్దామని పొద్దున్నే బయల్దేరదీశారు. అన్నం పెట్టే గిన్నె పక్కకి నెట్టి పైకి వెళ్ళాను.

మా పడవలో పని పంపకం ఇలా ఉంటుంది. ఆయన స్టీరింగ్ చక్రం దగ్గర నిలబడతారు. మిగతాదంతా నాది. కట్టిన తాళ్ళు విప్పాలి. పడవ పక్కన వేలాడే రబ్బరు దిళ్ళు లోపలికి లాగాలి. తాడు చుట్టే మరకి పిడి తగిలించి, భుజాలు పట్టేసేలా తిప్పి తెరచాప ఎత్తాలి. లంగరు గొలుసు లాగాలి. తిరిగి వచ్చేటప్పుడు ముందుభాగంలో తాడు పట్టుకుని నిలబడి, పడవ గట్టుకి దగ్గరగా రాగానే గట్టుమీదికి దూకి, కొక్కేనికి తాడు బిగించాలి. నా కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడే కిర్రుమంటుంది. ఇంట్లో ఉన్నప్పుడు బియ్యం బస్తా కూడా నన్ను ఎత్తనిచ్చేవారు కాదు, "నువ్వెత్తలేవు, ఉండు" అని. పడవెక్కాక మాత్రం బరువంతా నావైపు ఒరిగింది. ఎందుకంటే చక్రం దగ్గర నిలబడేవాడు కెప్టెను. కెప్టెను బరువులు మోయడు.

వెళ్ళేటప్పుడు అంతా బాగానే ఉంది. తెరచాప నిండుగా పొంగింది. ఆయన ఈలకూడా వేశారు. తిరిగి వచ్చేసరికి గాలి అడ్డంగా తిరిగింది. రేవులోకి రాగానే ఆ గొంతు మొదలైంది.

"ముందుకెళ్ళు! తాడు తీసుకున్నావా? ఆ తాడు కాదు! కుడివైపు దిండు! కుడి అంటే తెలీదా?"

గట్టు మా మీదికి వచ్చేస్తోంది. మేం ఎప్పట్లాగే వేగంగా ఉన్నాం. చెక్కగట్టుకీ పడవకీ మధ్య నల్లటి నీళ్ళు బారెడు వెడల్పున కనిపిస్తున్నాయి.

"దూకు!" అన్నారాయన.

నేను నీళ్ళకేసి చూశాను.

"దూకవే! దూకు!"

దూకలేదు. భయమేసి కాదు. భయం వేసినప్పుడు ఇంతకుముందు చాలాసార్లు దూకాను. ఆ రోజు మాత్రం కాళ్ళు నా మాట విన్నాయి. తాడు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. పడవ ముక్కు గట్టు చివరనున్న గుంజని కొట్టి, కర్రుమంటూ ఒరుసుకుని, పక్కకి తిరిగింది. గట్టుమీద నడుస్తున్నవాళ్ళెవరో పరిగెత్తుకొచ్చి చేయి చాపితే, వాళ్ళకి తాడు విసిరాను. మొత్తానికి కట్టాం. పడవ తెల్లటి పక్కమీద మూరెడు గీత పడింది.

ఆయన తెలుగులో ఏమేమి అన్నారో రాయను. అక్కడున్న ఎవరికీ తెలుగు రాదు, కానీ తిట్టు అర్థం కావడానికి భాష అక్కర్లేదు. తర్వాత గుమిగూడినవాళ్ళవైపు తిరిగి, ఇక్కడి భాషలో, నవ్వుతూ అన్నారు: "మా ఆవిడ కంగారుపడింది. ఆడవాళ్ళకి నీళ్ళంటే భయం కదా."

ఆ భాష నాకూ వచ్చు. ఆయనకన్నా బాగా వచ్చు. ఫ్యాక్టరీకి వచ్చే ఉత్తరాలు చదివిపెట్టమని ఇంటికి తెచ్చేవారు.

అందరూ మర్యాదకి నవ్వి వెళ్ళిపోయారు. ఆయన గీతని తడిమి చూసుకుంటున్నారు. అంతలో పళ్ళ డాక్టరు పడవ వచ్చింది. అదే గాలి, అదే రేవు, మా పక్కనే వాళ్ళ చోటు. చక్రం దగ్గర డాక్టరు భార్య, పుల్లలాంటి మనిషి, నోట్లో ఏదో నములుతూ. ఏనుగంత డాక్టరు ముందు తాడు పట్టుకుని ఉన్నాడు. అరుపు లేదు. పడవ నిద్రలో నడుస్తున్నట్టు వచ్చింది. గట్టు పక్కన ఇంజను ఒక్కసారి గుర్రుమంది, ఆగింది. డాక్టరు ఆగిన బస్సులోంచి దిగినట్టు దిగాడు. తాడు చుట్టాడు. అంతే.

నేను అలాగే చూస్తూ ఉండిపోయాను. ఇన్నాళ్ళూ వాళ్ళు పక్కనే ఉన్నా, వాళ్ళు వచ్చేవేళకి నేనెప్పుడూ పొయ్యి దగ్గరే.

ఆవిడ గట్టుమీదికి వచ్చి నా చేతులు చూసింది. తాడు ఒరుసుకుని అరచేయి ఎర్రగా ఉంది.

"మీరు రోజూ దూకుతుంటే నేను కళ్ళు మూసుకుంటాను" అంది. "ఇవాళ దూకకపోవడం వెనకనుంచి చూసి సంతోషించాను."

"మీ ఆయన దూకడా?"

"ఆయనా? ఆయన దూకితే గట్టు మునుగుతుంది!" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి అంది: "ఎవరైనా ఎందుకు దూకాలండీ? పడవ ఆగాక దిగితే చాలు. దూకాల్సి వస్తోందంటే పడవ ఆగలేదన్నమాట. ఆపే పని చక్రం దగ్గరున్నవాళ్ళది."

ఆ మాట చెప్పి ఆవిడ సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. నాకు మాత్రం చెంపమీద ఎవరో కొట్టినట్టయింది. ఇన్నాళ్ళూ నేను చురుగ్గా లేను కాబట్టి తిట్లు పడుతున్నాయనుకున్నాను. మోకాలికి పట్టీ కట్టుకుని మరీ చురుగ్గా దూకాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆయనకి పడవ ఆపడం రాక, ఆ మిగిలిన బారెడు నీళ్ళూ నాచేత దాటిస్తున్నారు. దాటితే కెప్టెను గొప్ప. దాటకపోతే ఆవిడ కంగారు.

లోపలికి వెళ్ళి కూరకి ఉల్లిపాయలు తరిగాను. ఆయన చేతులు కడుక్కోవడానికి వచ్చారు.

"అవతలి తీరానికి వెళ్తున్నామట" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"పళ్ళు పీకే ఆయన."

"ఇవాళ భోజనాల దగ్గర అందరికీ ఒకేసారి చెబుదామనుకున్నా. సర్‌ప్రైజ్."

"సరే. నాకు చక్రం పట్టడం నేర్పండి."

ఆయన నవ్వారు. "కారే రాలేదు నీకు."

"కారు నేర్పినవాళ్ళూ మీరే. మొదటిరోజే క్లచ్ అని అరిచిన అరుపుకి వీధి చివర దిగి నడిచి ఇంటికొచ్చాను."

"ఇప్పుడు పాతవన్నీ తవ్వకు."

"పాతది కాదు, వచ్చే నెల సంగతి అడుగుతున్నాను. నడిసముద్రంలో మీకేదైనా అయితే? పొద్దున్నే రెండు బీపీ మాత్రలు వేసుకుంటారు."

"రేడియోలో పిలిస్తే వాళ్ళే వస్తారు."

"రేడియో ఎక్కడ నొక్కాలి?"

"టైమొచ్చినప్పుడు చూపిస్తాలే."

"ఏ టైము? మీరు పడిపోయాక లేచి చూపిస్తారా?"

"శుభం పలకరా పెళ్ళికొడకా అంటే..." అని గొణిగి, తువ్వాలు భుజాన వేసుకుని పైకి వెళ్ళిపోయారు. సంభాషణ అయిపోయిందని ఆయనే నిర్ణయిస్తారు, ఎప్పుడూ.

పిల్లలు వచ్చారు. మడత బల్ల విప్పి నలుగురం మోకాళ్ళు మోకాళ్ళకి తగిలేలా కూర్చున్నాం. అమ్మాయి అన్నం వడ్డిస్తోంది. గోడమీద తీరాల పటం ముందే అంటించి ఉంచారు కాబోలు, మా ఆయన గొంతు సవరించుకుని దానిమీద వేలు పెట్టారు.

"వచ్చే నెల, గాలి అనుకూలిస్తే, ఇక్కణ్ణించి ఇక్కడికి. మీ అమ్మా నేనూ."

అమ్మాయి గరిటె ఆపేసింది. "అంత దూరమా? అమ్మా, నువ్వు చెప్పనేలేదే!"

"నాకూ నిన్ననే తెలిసింది. గట్టుమీద చెప్పుకుంటుంటే."

అల్లుడికి నవ్వొచ్చి, మామగారి మొహం చూసి, నవ్వుని అన్నంముద్దతోపాటు మింగేశాడు. మాట మార్చబోయి, పాపం, ఇంకో గోతిలో పడ్డాడు. "ఇంత పెద్ద పడవ, ఇద్దరికి కష్టం కాదా మామయ్యగారూ?"

"ఇద్దరెందుకయ్యా, ఒక్కడు చాలు" అన్నారు మా ఆయన. "నేను నడిపేస్తాను. మీ అత్తయ్య తోడుకి. ఇంత వంట చేసిపెడుతుంది."

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. మేం ఇంకా దాటనే లేదు, అప్పుడే బోడి అయిపోయాను. ఎర్రబడిన అరచేతిలో కూర కారం మండుతోంది. చేయి కడుక్కుని వచ్చి కూర్చున్నాను.

"నేనొకటి చెప్పాలి" అన్నాను.

"ముందు తిను, చల్లారిపోతుంది" అన్నారాయన.

"చల్లారనివ్వండి. రేపటినుంచి పొద్దుటిపూట నేను పక్క పడవలో చక్రం పట్టడం నేర్చుకుంటాను, ఆవిడ నేర్పితే. ఆవిడ కాదంటే రేవు ఆఫీసులో నేర్పేవాళ్ళున్నారు, అక్కడ చేరతాను."

"ఊళ్ళోవాళ్ళ దగ్గరా? నేనుండగా?"

"మీ దగ్గర దూకడం నేర్చుకున్నాను. చాలు."

"నాన్నా, అమ్మ చెప్పేది విను" అంది అమ్మాయి మెల్లగా.

"నువ్వుండు! ఇవాళ గుంజకి కొట్టించింది చాలక..." అని ఆయన నావైపు తిరిగి గొంతు పెంచారు. చిన్న కేబిన్, ఆ గొంతు నాలుగు గోడలకీ తగిలింది. "నువ్వు చక్రం పడితే నేనేం చెయ్యాలి? ఈ వయసులో తాడు పట్టుకుని దూకమంటావా?"

అల్లుడు పళ్ళెంలోకి చూస్తున్నాడు. అమ్మాయి నా మోకాలికేసి చూసింది.

"దూకక్కర్లేదు" అన్నాను. "నేను ఆపుతాను. మీరు దిగుదురుగాని. అలా పడవని తెచ్చి గట్టుకి పెట్టడం నాకు చేతనైన రోజున అవతలి తీరం గురించి నన్ను అడగండి. అడగండి అంటున్నాను, చెప్పండి అనడం లేదు. అప్పటిదాకా నేను ఈ పడవకి కట్టిన ఒక్క తాడు కూడా విప్పను."

"నేను ఆగకపోతే?"

"వెళ్ళండి. నేను అమ్మాయి ఇంట్లో ఉంటాను. ఒక్కరు చాలన్నారుగా. స్టీరింగూ మీదే, తాడూ మీదే."