చేతి కింద పేరు

నాలుగో బోల్టు కూడా బిగించి, వడ్రంగి బల్లను రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాడు. కదల్లేదు. సమాధుల తోటలో పోస్టుమాన్ కోసం వేసిన టేకు బల్ల అది. వీపు ఆనే పలక మీద పోయినాయన పేరు, కింద "చాలా దూరం నడిచాడు" అన్న మాట, చుట్టూ ఆకుల తీగ. మూడు వారాల పని. వడ్రంగి నలభై ఏళ్లుగా తలుపులు తప్ప మరొకటి చేసి ఎరగడు. ఊళ్లో సగంమంది ఆయన చేసిన తలుపులు తీసుకునే బయటికొస్తారు గాని, ఎదురుపడితే ఫలానా అని ఒక్కరూ గుర్తుపట్టరు.

పోస్టుమాన్ భార్య వచ్చి, నిలబడి చదివి, కళ్లు తుడుచుకుని కూర్చుంది. పేరు కాస్తా ఆమె వీపు వెనక్కి పోయింది. పక్కకి జరిగి, మెడ తిప్పి చూసింది.

"ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ. పోయి ఇవాళ్టికి ఏడాది. సాయంత్రం దాకా ఆయన పక్కన కూర్చుందామని వచ్చాను. కూర్చుంటేనేమో ఆయన కనబడట్లేదు."

వడ్రంగి నాలిక కరుచుకున్నాడు. తలుపును ఎవరైనా నిలబడే చూస్తారు. బల్లనూ అలాగే చెక్కేశాడు! ఇంత వయసొచ్చీ, కూర్చునేవాళ్ల సంగతి తట్టనే లేదు.

"ఆయన మీకు ఏ పక్కన కూర్చునేవారమ్మా?"

"ఎడం పక్క. మా ఇంటి మెట్ల మీద, కాళ్లు లాగుతున్నాయని సణుగుతూ."

వడ్రంగికి పొద్దుట్నుంచీ ఛాతీలో బరువుగా ఉంది. ఇంటికెళ్లి నడుం వాల్చాల్సిన మనిషి, మోకాళ్ల మీద కూలబడి బల్ల ఎడమ కొసన చెయ్యి ఆనించుకునే చెక్క మీద ఉలి పెట్టాడు. ఈసారి పేరులోని అక్షరాలు లోతుగా దించి, అంచులు అరచేతికి గుచ్చుకోకుండా అరగదీశాడు. ముగిసేసరికి మధ్యాహ్నం దాటింది.

ఆమె కళ్లు మూసుకుని ఒక్కో అక్షరంలోకీ వేలు దించింది. చివరి అక్షరం దగ్గర మొహం విచ్చుకుంది. పోస్టుమాన్ లేచొచ్చి ఎదుట నిలబడినా అంతకంటే వెలగదు. వడ్రంగి కాయలు కాసిన తన చేతులకేసి, అవి ఇంకెవరివో అన్నట్టు చూసుకున్నాడు.

"మీరూ కాస్త కూర్చోండి అన్నయ్యగారూ."

రెండో కొసన కూర్చుని వెనక్కి ఆనాడు. "బాగానే కుదిరిందమ్మా," అన్నాడు, తనే నమ్మలేనట్టు.

ఎండ చల్లబడింది. భర్త చెప్పే జోకులు చెబుతూ ఆమె నవ్వింది. వడ్రంగి నవ్వలేదు. కునుకు పట్టిందనుకుని గొంతు తగ్గించింది. లేవబోతూ పిలిచింది. మళ్లీ పిలిచి, భుజం తాకి, అర్థమయ్యాక కూర్చుండిపోయింది. అంత పని చేసిన ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది. తోటమాలి వచ్చేదాకా వదలబుద్ధి కాలేదు.

ఆయన్ని తీసుకెళ్లాక, కూర్చున్నచోట ఆయన చెవి మీంచి జారిపడ్డ పొట్టి పెన్సిలు ఒకటి, కొత్తగా చెక్కిన మొనతో ఉండిపోయింది.