ఎడమది ఇటు, కుడిది అటు

ఎడమ చెప్పు కిటికీ పక్క అరలోకి, కుడి చెప్పు తలుపు వెనక అరలోకి వెళ్ళిపోయాయి. జత ఒక్కచోట ఉంటే దొంగకు పని సులువవుతుందని చెప్పులు కాసే ముసలాయన వాదం. ఒంటి చెప్పు ఎత్తుకుపోయి ఎవడేం చేసుకుంటాడు? నంబరు బిళ్ళలిచ్చే పద్ధతి పెడదామని మసీదు పెద్దలు ఎంత చెప్పినా వినలేదు. బిళ్ళ చేతులు మారదని నమ్మకమేమిటి? ఎవరి జత ఎక్కడుందో ఆయన బుర్రలోనే ఉండేది.

పాత మసీదు గుమ్మం దగ్గర చెప్పులు కాసే ఈ మనిషిని, ఊరు చూడొచ్చినవాళ్ళను తిప్పే గైడ్లు ఎదురుగా బాబాయ్ అనేవారు, వెనకాల అనుమానం బాబాయ్ అనేవారు. పొట్టి మనిషి. ఎవరి వెనకో తొంగిచూస్తున్నట్టు మెడ ఎప్పుడూ ముందుకు సాగి ఉండేది. నమాజు కూడా గడప పక్కన, చిట్టచివరి వరసలోనే. నమాజు చివర్లో సలాం చెబుతూ మెడ అటూ ఇటూ తిప్పినప్పుడు చూపు ఓసారి అరల మీదుగా పోయి వచ్చేది. దేవుడి మీద అనుమానం లేదు పాపం, మనుషుల మీదే.

ఆ ఉదయం ఛాతీలో ఏదో పట్టేసింది. “ఆస్పత్రికి పోదాం, ఒక్కరోజు మానెయ్యండి” అని భార్య బతిమాలింది. మానేస్తే గుమ్మం దగ్గర తాను కూర్చునే స్టూలు మీద, రోజూ వచ్చే గైడు పనిలేని బావమరిదిని కూర్చోబెడతాడని ఆయన అనుమానం. స్టూలు పోతే తాను ఇంట్లో ఓ మూలన పడుండే ముసలాడే. ఆ భయంతో “గ్యాసులే” అని బయల్దేరాడు.

ఎండ ముదిరాక ఆ గైడు జనాన్ని వెంటబెట్టుకొచ్చాడు. నగరంలోని పాత మసీదులన్నీ తిప్పి, చివరికి ఈ పెద్దదానికి తెస్తాడు. “ఇందాకటి చిన్న మసీదే నాకు నచ్చింది. కప్పు మీద లతలు ఎంత సన్నగా చెక్కారో!” అంటోంది ఒకావిడ. ఆ కప్పు చూసి చూసి మెడ పట్టేసిందని ఆవిడ భర్త గొణుగుతున్నాడు. బాబాయ్ వాళ్ళ చెప్పులు అందుకుని ఎడమవి ఇటు, కుడివి అటు సర్దాడు.

“బాబాయ్, మొహమేంటి అలా ఉంది? లోపల స్తంభాల దగ్గర చల్లగా ఉంటుంది, కాసేపు నడుం వాల్చు. ఇక్కడ నేను కూర్చుంటాలే” అన్నాడు గైడు.

“నువ్వా? ఎందుకు?”

“ఎందుకేంటి! నీ ఒంట్లో బాలేదని.”

“మీ బావమరిదికి పని దొరికిందా?”

“లారీ మీద చేరాడుగా. ఇప్పుడు వాడి గొడవెందుకు?”

ఇంత చప్పున జవాబొచ్చిందంటే ముందే అనుకుని వచ్చాడన్నమాట, అనుకున్నాడు బాబాయ్. గైడు ఇచ్చిన నీళ్ళ సీసా మూత సీలు ఊడి ఉందేమోనని తిప్పి చూసి, తాగకుండానే పక్కన పెట్టాడు. గైడు మనసు చివుక్కుమంది. జనాన్ని లోపలికి తీసుకుపోయాడు.

గుమ్మటం కింద గైడు గొంతు మోగుతోంది. వెళ్ళి ఆ చల్లటి రాయి మీద పడుకుంటే బాగుండునని ఆయనకు ఒక్కసారి అనిపించింది. లేవబోయాడు. దారినపోయే ఎవరో అరల వైపు చూసినట్టనిపించి, మళ్ళీ కూర్చుని గోడకు చేరబడ్డాడు.

జనం తిరిగొచ్చి నిద్రపోతున్నాడనుకున్నారు. “బాబాయ్” అని భుజం తట్టిన గైడు చెయ్యి అక్కడే ఆగిపోయింది. బాబాయ్‌లో ఊపిరి లేదు.

అంబులెన్సు వెళ్ళాక చెప్పుల వెతుకులాట మొదలైంది. ఎడమది దొరికినవాళ్ళకు కుడిది కనబడదు. పెద్దపెద్దవాళ్ళు ఒంటి చెప్పుతో కుంటుతూ తిరిగారు. వేరే రోజైతే పడి పడి నవ్వేవారు. ఎవరూ నవ్వలేదు.

అందరూ వెళ్ళాక, ఆయన చెప్పులు ఇంటికి చేరుద్దామని గైడు స్టూలు కింద చెయ్యి పెట్టాడు. ఒక్కటే తగిలింది. రెండోదాని కోసం అరలన్నీ గాలించాడు, తలుపు వెనకా చూశాడు. దొరకలేదు.

“నాక్కూడా చెప్పలేదా బాబాయ్!” అని అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఒళ్ళో అరిగిపోయిన ఎడమ చెప్పు, మడమ దగ్గర కొత్తగా వేసిన తెల్లదారం కుట్లతో.