చిలకపచ్చ బండి

మొగుణ్ణి మార్చడం చేతకాక కృపారాణి బండి రంగు మార్చింది.

నిజానికి ఆ బండి చేసిన పాపమేమీ లేదు, చిలకపచ్చగా ఉండడం తప్ప. ఎవరింటి తలుపులకో వేయగా మిగిలిన రంగు చవగ్గా దొరికిందని, మామగారు జ్ఞానరాజు పోయే ముందు ఏడాది దానికి పట్టించాడు. రాజంపేట మొత్తం మీద ఆ రంగు మోటార్‌సైకిల్ అదొక్కటే. అది ఎక్కడ నిలబడితే ఆమె భర్త వసంతకుమార్ అక్కడ ఉన్నట్టు లెక్క. చర్చి ముందు నిలబడినంత సేపూ ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ మంగంపేట ముగ్గురాయి మిల్లులో కాటా దగ్గర పని ముగించుకుని వచ్చేటప్పుడు అది తరచూ బైపాస్ పక్కన బ్రాందీషాపు ముందు కూడా నిలబడేది.

చర్చి స్త్రీల సమాజంలో బ్రాందీషాపు అనే మాట ఎవరూ అనరు. అంత మర్యాదస్తులు.

"అక్కా, మీ పచ్చబండి నిన్న బైపాస్ కాడ ఉండెనే," అనేది జెస్సీ, పాటల పుస్తకంలోంచి తలెత్తకుండానే.

"గాలి పట్టించుకుంటాండాడేమో."

"మొన్న గూడా ఆడనే ఉండె. టైర్లు మార్పిచ్చండక్కా, పాపం."

చుట్టూ ఉన్నవాళ్ల నవ్వులు పుస్తకాల్లోకి జారిపోయేవి. ఆ సమాజానికి కృపారాణే కార్యదర్శి. తాగుబోతుల ఇళ్ల కోసం ప్రార్థన చేయించవలసింది తనే. "అటువంటి గృహాలను జ్ఞాపకం చేసుకో ప్రభువా" అన్నప్పుడల్లా, తన గృహమే ముందు వరుసలో కూర్చుని వింటున్నట్టు చెవులు వేడెక్కేవి. ఆదివారం వస్తే కానుకల సంచి పట్టుకుని వరుసల మధ్య తిరిగేది ఆ గృహస్థుడే మరి.

దీనికి తోడు మరో వింత. తాగిన రోజున బండి స్టార్టయ్యేది కాదు. బైపాస్ నుంచి ఇంటిదాకా తోసుకుంటూ వచ్చేవాడు. గుమ్మం చేరేసరికి చొక్కా తడిసి, మత్తు సగం చెమటలో కారిపోయి, "నీళ్లు" అని కూలబడేవాడు. పొద్దున చూస్తే ప్లగ్గు మీది క్యాప్ ఊడి వేలాడుతుండేది. "ఈ గతుకులకు ఊడిపోతాండాది," అని బిగించుకుని పనికి పోయేవాడు. తోలుకుంటూ వస్తే ఒక్క క్షణంలో దాటిపోయే వీధి, తోసుకుంటూ రావడం వల్ల తీరిగ్గా చూసేది. కృపారాణికి అసలు బాధ అదే.

వేసవి కూటాలకని అతను సంఘం వాళ్లతో కలిసి వ్యానులో కడపకు వెళ్లాడు. ఆమె నల్లరంగు స్ప్రే డబ్బాలు తెప్పించుకుని, ఫోనులో వీడియోలు చూసి, కొంగు బిగించింది. చదివిన బీఎస్సీకి ఇన్నాళ్లకు ఒక పని దొరికింది. ఇంజనుకు దినపత్రిక చుట్టింది. దుమ్ము లేవకుండా వాకిలంతా నీళ్లు చల్లింది. ఉప్పుకాగితంతో ట్యాంకును రుద్ది రుద్ది చేతులు బొబ్బలెక్కినా మామగారి పచ్చ పూర్తిగా వదల్లేదు. దాని మీదే నలుపు కొట్టింది. వడగాలికి రంగు సగం ట్యాంకు మీద, సగం ఆమె ముక్కు మీద పడింది. దారిన పోయే ఈగ ఒకటి తడిరంగు మీద వాలి, శాశ్వతంగా అక్కడే ఉండిపోయింది. సాయంత్రానికి ఊళ్లోని వందల నల్లబండ్లలో అదీ ఒకటైంది.

వసంతకుమార్ తిరిగొచ్చి చూసి మురిసిపోయాడు. మిల్లులో అందరికీ చూపించాడు. "మా ఇంటామె ఏసింది! నామీద ప్రేమతో," అన్నాడు. ఇంటికొచ్చి అతనే ఆ మాట చెప్పినప్పుడు కృపారాణి గిన్నెలు తోముతోంది. తలెత్తలేదు. తోమిన గిన్నెనే మళ్లీ తోమింది.

అంతకంటే విచిత్రం, బండి రోగం కుదిరింది. "రంగేసినప్పట్నుంచి క్యాప్ ఒక్కసారి గూడా ఊడలే. నీ చెయ్యి మంచిదే!" అంటూ, ఎంత తాగినా బండి మీదే దూసుకొచ్చేవాడు.

బైపాస్ పక్కన పచ్చబండి ఇక ఎవరికీ కనపడలేదు. మిల్లులో బండి చూసినవాళ్లు మంగంపేట వాళ్లు, రాజంపేటలో నల్లబండ్ల మధ్య ఆ బండిని పోల్చుకునేవాళ్లు లేరు. సమాజంలో జెస్సీ ఆమె చేతులు పట్టుకుంది. "మీ ఆయప్ప ఆ దోవనే మానేసినాడంట గదక్కా! సాక్ష్యం చెప్పల్ల మీరు."

సాక్ష్యమంటే, దేవుడు చేసిన మేలును పదిమంది ముందు నిలబడి చెప్పడం. కృపారాణి నిలబడింది. "మా ఇంట్లో మార్పు కలిగింది," అంది. అది అబద్ధం కాదు, నల్లగా మారింది. అందరూ స్తోత్రం అన్నారు. ఒకామె కళ్లు తుడుచుకుంది. ఆమె తన సొంత మొగుణ్ణి తలుచుకుని ఏడుస్తోందని తెలిసి కృపారాణి మెడ వంగిపోయింది.

ఆ వారంలోనే వసంతకుమార్ తాగి వస్తూ మలుపులో బండితో సహా ముళ్లకంపలో పడ్డాడు. వెనకే వస్తున్న ముగ్గురాళ్ల లారీ బ్రేకు వేసింది కాబట్టి గడ్డానికి కుట్లతో, మోచేతికి పట్టీతో బయటపడ్డాడు. వాకిట్లో నిలబెట్టిన బండి మీద, కంప గీరిన చోట, నలుపు కింద నుంచి పచ్చ తొంగిచూస్తోంది.

మర్నాడు మౌలా సాహెబ్ బత్తాయిలు తీసుకుని పలకరించడానికి వచ్చాడు. బ్రాందీషాపు ఎదురుగా సోడాబండి ఆయనది. జ్ఞానరాజుకు స్నేహితుడు. లోపల రోగిని చూసి బయటికొచ్చి, బండి దగ్గర ఆగిపోయాడు. గీతల్లోని పచ్చను వేలితో తడిమాడు.

"ఇదేనా బిడ్డా, ఆ బండి?" గొంతు తగ్గించాడు. "నాదే తప్పు."

"మీదేం తప్పు సాహెబ్?"

"మావాణ్ణి ఒక కంట చూడప్పా అని మీ మామ నాతో చెప్పి పోయినాడు. పచ్చబండి నిలబడితే ఈయప్ప లోపల ఉండాడని తెలుస్తాండె. మెల్లగ పొయ్యి ఆ క్యాప్ పీకేసి వస్తాంటి. తోసుకుంటా పోతే ఇల్లు చేరేలోపల మత్తన్నా దిగుతాది గదా. శానా దినాలుగా పచ్చబండి రాలే. మానుకున్నాడు, మంచిదేలే అనుకుంటి. నల్లబండ్లు ఆడ వరసగా ఉంటాయి. యాది ఎవురిదని చూసేది?"

కృపారాణి ఆ గీతలను కొంగుతో తుడవసాగింది.

"రంగు ఎవురేసినారు బిడ్డా?"

లోపలి నుంచి వసంతకుమార్ కేకేశాడు: "సాహెబ్‌కు బండి చూపించినావా? మా ఇంటామే ఏసింది సాహెబ్! షోరూమోళ్లు గూడా అట్లెయ్యలేరు!"

సాహెబ్ ఆమె వైపు చూడలేదు. చూడకపోవడమే ఆమెకు తట్టుకోలేనంత అయింది. "బాగుండాది," అని చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం ఆరాధన ముగిశాక, జనం ఇళ్లకు పోయే వేళకు సరిగ్గా, కృపారాణి బండిని వీధిలోకి దించి ఉప్పుకాగితం పట్టుకుని కూర్చుంది.

"ఏందక్కా, నలుపు బాగలేదా?" జెస్సీ ఆగింది.

"బాగానే ఉండాది. దేవునికి తప్ప ఎవురికీ కనపడలే, అదే చిక్కు." రుద్దడం ఆపకుండానే అంది. "మా ఆయన మానలేదు జెస్సీ. నేను రంగేసి దాచినా. ఆ సాక్ష్యం ఉత్తది."

జెస్సీ నోట టైర్ల మాట రాలేదు. సంచిలోంచి పాతగుడ్డ తీసిచ్చి, నిలబడలేక వెళ్లిపోయింది.

మామగారి పచ్చ దొరకలేదు. దొరికిన పచ్చ ఇంకా ముదురు, చీకట్లో కూడా అరిచేటంత. రంగు ఆరాక ఆమె బండిని తనే తోసుకుంటూ బైపాస్‌కు బయల్దేరింది. తోలడం రాదు. వీధి తీరిగ్గా చూసింది. బ్రాందీషాపు ముందు మగవాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు. ముఖం మండుతున్నా కొంగు కప్పుకోలేదు. తిన్నగా సోడాబండి ముందు స్టాండు వేసింది.

"బాగా చూడండి సాహెబ్. ఇదే మా బండి."

ఆయన ఒక సోడా కొట్టి చేతికిచ్చాడు.

ఇక తాగనని ముళ్లకంపలో చేసుకున్న ప్రమాణం, మోచేతి పట్టీ విప్పేదాకా నిలిచింది. ఆ తర్వాత ఒక సాయంత్రం వసంతకుమార్ చొక్కా తడిసి, ఆయాసపడుతూ, బండి తోసుకుంటూ వచ్చి గుమ్మం ముందు కూలబడ్డాడు. వీధి వీధంతా చూస్తోంది.

"మళ్లా మొదలాయెనే! ఈ పచ్చరంగు మనకు అచ్చిరాదు."

కృపారాణి తల వంచుకునే చెంబుతో నీళ్లు అందించింది.

"అచ్చొచ్చింది," అంది. "తాగు."